పాత డబ్బా, నీలం రంధ్రం, మా తాతయ్య హార్మోనియం

ముందే చెప్పేస్తున్నా, ఇది "లినక్సు వేసుకోండి, మీ జన్మ ధన్యమవుతుంది" తరహా టపా కాదు. అలాంటివి చదివీ చదివీ నాకే విసుగొచ్చింది. ఇది ఒక పాత కంప్యూటరు గురించి, పదకొండు క్యాసెట్ల గురించి, నేను చేసిన ఒక వెధవ పని గురించి. ఇటు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన సాఫ్ట్‌వేర్ జనాలే కాబట్టి మధ్యలో మనల్ని మనం తిట్టుకునే కార్యక్రమం కూడా ఉంది. భరించండి :)

మా తాతయ్య తెనాలి దగ్గర ఒక ఊళ్ళో బడిపంతులు. పగలు లెక్కలు చెప్పేవారు, రాత్రి పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. రాయబారం, హరిశ్చంద్ర... చుట్టుపక్కల ఏ ఊళ్ళో నాటకమైనా హార్మోనియం దగ్గర ఆయనే. పాడేవాడు రాగం తీసి ఊపిరి కోసం ఆగిన చోట ఆ ఖాళీని పెట్టెతో నింపేవారట, జనానికి ఆగినట్టే తెలిసేది కాదట. ఈ "అట"లన్నీ ఎందుకంటే నేను పుట్టేసరికే ఆయన నాటకాలకి వెళ్ళడం మానేశారు. నాకు ఏడేళ్ళప్పుడు పోయారు. మిగిలింది 1980ల చివర్లో మా నాన్న టూ-ఇన్-వన్‌లో రికార్డు చేసిన పదకొండు క్యాసెట్లు. అన్నీ అరవై నిమిషాలవి.

2025 దసరా సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు బీరువా సర్దుతుంటే అవి బయటపడ్డాయి. రెండింటి మీద తెల్లగా బూజు. నాన్నకి చూపిస్తే "వినడానికి ఏముందిరా, ఆ టేపురికార్డరు మోగి ఎన్నాళ్ళయిందో" అన్నారు. నేను ఊరుకుంటానా? ఇంజనీరుని కదా! "రెండ్రోజుల్లో అన్నీ ఎంపీ3లు చేసి మీ ఫోన్లో పెడతా" అని కోతలు కోశాను.

ఇక్కడ మొదలైంది కథ.

నా దగ్గరున్నది ఆఫీసు వాళ్ళిచ్చిన సరికొత్త లాప్‌టాప్. 32 జీబీ ర్యామ్. దానికి ఆడియో కోసం ఉన్నది ఒకే ఒక్క చిల్లు, హెడ్‌ఫోనూ మైకూ కలిపి. ఊళ్ళో దొరికిన ఒక వైరుతో టేపురికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి దానికి కలిపి, రికార్డింగు మొదలెట్టి, వెళ్ళి భోంచేసొచ్చాను. వచ్చి విన్నాను కదా, గుండె జారిపోయింది. మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి, హార్మోనియం లేదు! మొదలైన రెండు సెకన్లు మోగుతుంది, తర్వాత ఎవరో నీళ్ళలో ముంచినట్టు మెల్లగా మాయమైపోతుంది.

జరిగిందేంటో తర్వాత అర్థమైంది. మీటింగుల్లో ఫ్యాను చప్పుడూ, ఏసీ రొదా వినపడకుండా చేసే నాయిస్ సప్రెషన్ ఒకటి ఆ మైకు దారిలో కూర్చుని ఉంది. గొంతు అయితే ఉంచుతుంది, ఎడతెగకుండా ఒకే తీరున మోగేదాన్ని రొద అనుకుని తీసేస్తుంది. హార్మోనియం శృతి అంటే అదే కదా మరి! మా తాతయ్య వాయిద్యాన్ని సదరు లాప్‌టాప్ ఫ్యాను అనుకుంది. హతవిధీ!

సరే, ఆ సెట్టింగు తీసేసి మళ్ళీ రికార్డు చేద్దామని క్యాసెట్టు వెనక్కి తిప్పి ప్లే నొక్కాను. ముప్ఫై ఏళ్ళ నాటి రబ్బరు చక్రం గట్టిపడిపోయి ఉంది. టేపుని లోపలికి లాగేసి నమిలేసింది. నేను స్టాప్ నొక్కేలోపు మొదటి నాలుగు నిమిషాల టేపు నలిగి తాడులా అయిపోయింది. ఆ నాలుగు నిమిషాలకి ఇప్పుడు ప్రపంచంలో మిగిలిన ఏకైక ప్రతి, హార్మోనియం లేని ఆ ఫైలే. తప్పు లాప్‌టాప్‌ది కాదు, టేపురికార్డరుదీ కాదు. పనికిరాని క్యాసెట్టుతో ఒక్కసారి పరీక్షించకుండా నేరుగా ప్రొడక్షన్లోకి దిగిన నాది. ఆఫీసులో ఎవడైనా జూనియరు ఇలా చేస్తే నేనేం అంటానో నాకు తెలుసు.

ఆ రాత్రి అటక మీద తుండుగుడ్డ కప్పి ఉన్న డబ్బా గుర్తొచ్చింది. అక్క ఇంజనీరింగులో చేరినప్పుడు, 2008లో, కొన్న అసెంబుల్డ్ కంప్యూటరు. పెంటియం డ్యూయల్ కోర్, 2 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్‌డిస్కు. నాన్న "పాత సామాన్ల వాడు వస్తే వేసేద్దాం" అని ఏటా అంటూనే ఉన్నారు. దాని వెనకాల చూస్తే మూడు రంధ్రాలు. గులాబీ, లేత ఆకుపచ్చ, నీలం. ఈ రంగులు ఎవరో ముచ్చటపడి వేసినవి కావు. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రాసిన పీసీ 99 అనే నిర్దేశాల్లోవి. గులాబీది మైకు, ఆకుపచ్చది స్పీకర్లు, నీలంది లైన్-ఇన్. టేపురికార్డరు లాంటివి కలపడానికి ఉన్నది ఈ నీలందే. స్టీరియో తీసుకుంటుంది, మైకులా సిగ్నల్ని పెంచి పగలగొట్టదు. ఈనాటి లాప్‌టాప్‌లలో ఈ నీలం రంధ్రం దాదాపు మాయమైపోయింది.

అంటే ఈ పనికి పాత కంప్యూటరు "గతిలేక వాడేది" కాదు, సరైనది అదే! ఈ టపాలో నేను చెప్పదల్చుకున్న మొదటి మాట ఇదే.

ఇక దాన్ని లేపడం. ఆన్ చేస్తే మూడు బీపులు, తెర మీద ఏమీ లేదు. ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి పెడితే లేచింది (ఈ చిట్కా ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చెప్పరు, ఏ కంప్యూటరు షాపులోనైనా కుర్రాడు చెప్తాడు). ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్లోనే పోయింది కాబట్టి దాని జోలికి పోలేదు. యాంటిఎక్స్ 23 పెన్‌డ్రైవులో వేసి ఎక్కించాను. డెబియన్ 12 మీద కట్టిన చిన్న డిస్ట్రో అది. డెస్క్‌టాప్ వచ్చి కూర్చున్నాక ర్యామ్ వాడకం రెండొందల ఎంబీకి అటూ ఇటూ. మన ఆఫీసు చాటింగు అప్లికేషను ఒక్కటీ దీనికి ఎన్ని రెట్లు తింటుందో మీకే తెలుసు.

ఆడియో సాఫ్ట్‌వేర్ దించుకుందామంటే అన్నీ ఎర్రర్లే. సర్టిఫికెట్ చెల్లదు, ప్యాకేజీల జాబితా "ఇంకా అమల్లోకి రాలేదు"... గంట కొట్టుకున్నాక చూస్తే కంప్యూటరు తేదీ ఎక్కడో పాత సంవత్సరంలో ఉంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది, అంతే! కొత్త బిళ్ళ వేసి తేదీ సరిచేస్తే అన్నీ బుద్ధిగా దిగాయి. పాత కంప్యూటరు మీద లినక్సు "పనిచెయ్యట్లేదు" అనే వాళ్ళకి నా మొదటి ప్రశ్న ఇకనుంచీ ఇదే. ముందు తేదీ చూశారా?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. లినక్సులో ఆడియో అనగానే ఎవర్నడిగినా ఒకటే వంటకం చెప్తారు. రియల్‌టైం కెర్నెల్ వెయ్యి, జాక్ పెట్టు, బఫర్ 64కి దించు, పల్స్‌ఆడియోని పీకెయ్యి. నేనూ మొదట అదే చేశాను. పాత డబ్బా కదా, బఫర్ అంత చిన్నదైతే ప్రాసెసరు అందుకోలేక మధ్యమధ్యలో "టక్ టక్" మని శబ్దాలు, ముక్కలు ఎగిరిపోవడం. వీటినే ఎక్స్‌రన్‌లు అంటారు. "చూశావా, ఈ మెషీను దండగ" అనిపించే చోటు సరిగ్గా ఇదే. చాలామంది ఇక్కడే వదిలేస్తారు.

కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే... క్యాసెట్టు ఎక్కించుకోడానికి తక్కువ లేటెన్సీతో పనేంటి? మనం పాడుతూ మన గొంతుని కంప్యూటరు గుండా హెడ్‌ఫోన్లో వింటుంటేనే ఆలస్యం ఇబ్బంది పెడుతుంది. క్యాసెట్టుకి ఆ బాధ లేదు. అది తన మానాన మోగుతుంది, మనం తీరిగ్గా పట్టుకుంటే చాలు. బఫర్ ఎంత పెద్దదైతే అంత నిశ్చింత. నేను జాక్ తీసేసి, ఆడాసిటీలో ఆల్సా ఎంచుకుని, నేరుగా సౌండు కార్డునే చూపించి, బఫర్ పెంచాను. ఒక్క టక్కు లేదు. ప్రాసెసరు పది శాతం దాటలేదు.

లెక్క కూడా చూడండి. సెకనుకి 48,000 శాంపిళ్ళు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెళ్ళు. అంటే సెకనుకి 192 కిలోబైట్లు. 2008 నాటి హార్డ్‌డిస్కు కూడా సెకనుకి పదుల ఎంబీలు రాస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్టుకి 691 ఎంబీ, పదకొండింటికీ ఎనిమిది జీబీ లోపే. 24 బిట్లు కావాలా అంటే, మామూలు క్యాసెట్టులో శబ్దానికీ రొదకీ మధ్య ఉండేది యాభై, అరవై డెసిబెల్స్. 16 బిట్లలోనే 96 పడతాయి. చెంబెడు నీళ్ళకి గంగాళం ఉంది, ఇంకా పెద్ద గంగాళం దేనికి?

ఆల్సామిక్సర్లో రెండు విషయాలు చూసుకోవాలి. ఎఫ్4 నొక్కితే రికార్డింగు వైపు మీటలు కనిపిస్తాయి. అక్కడ లైన్ ఎంచుకుని ఉందా లేదా చూసుకోండి. స్పేస్ బార్‌తో అది ఆన్ అవుతుంది. మీట కింద ఎమ్ ఎమ్ అని ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, ఎమ్ నొక్కితే పోతుంది. శబ్దం రావట్లేదని డిస్ట్రోలు మార్చేవాళ్ళలో ఎంతమంది ఈ ఒక్క బొత్తాం దగ్గర ఓడిపోయారో!

తర్వాత "గుయ్య్"మని 50 హెర్ట్జ్ రొద. మా ఇంట్లో ఎర్తింగ్ అంతంత మాత్రం. కంప్యూటరూ టేపురికార్డరూ రెండూ కరెంటు మీద ఉండి వాటి మధ్య వైరు కలిస్తే వచ్చే బాధ ఇది. టేపురికార్డరుకి కరెంటు తీసేసి నాలుగు పెద్ద సెల్లులు వేశాను. రొద మాయం. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత శుభ్రంగా తియ్యలేదు. ఆడాసిటీలో రొద తగ్గించే సాధనం ఉంది కానీ అతిగా వాడితే అదీ మొదటి లాప్‌టాప్ చేసిన పనే చేస్తుంది. అసలు రికార్డింగుని ముట్టుకోకుండా ఫ్లాక్‌లో దాచి, కావాలంటే కాపీ మీద ప్రయోగాలు చేసుకోండి. పదేళ్ళ తర్వాత మీకన్నా మంచి పనిముట్టు ఇంకెవరి దగ్గరో ఉండొచ్చు.

టేపురికార్డరు సంగతి మర్చిపోయాను. గుంటూరులో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. బెల్టు, రబ్బరు చక్రం మార్చి, హెడ్డుని స్పిరిట్‌తో తుడిచి, దాని పక్కనున్న చిన్న స్క్రూని వింటూ వింటూ ఒక పావు వంతు తిప్పారు. అప్పటిదాకా కంబళి కప్పుకుని పాడుతున్నట్టున్న గొంతు ఒక్కసారిగా ఎదురుగా వచ్చి నిలబడింది. "బెల్టులు ఇంకా దొరుకుతున్నాయి బాబూ, హెడ్డు పోతే మాత్రం నేనేం చెయ్యలేను" అన్నారు. మొత్తం పనిలో అన్నిటికన్నా పెద్ద ఆడియో అప్‌గ్రేడ్ ఆ పావు వంతు తిప్పుడే. దానికి ఆప్ట్ కమాండు లేదు.

ఇక నా ఫిర్యాదు.

లినక్సు ఆడియో పొరలు పొరలుగా పెరిగింది. 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఆల్సా పాత ఓఎస్ఎస్ స్థానంలో స్థిరపడింది. స్టూడియో పనుల కోసం పాల్ డేవిస్ మొదలుపెట్టిన జాక్ దాని మీద వచ్చింది. 2007లో ఫెడోరా 8 పల్స్‌ఆడియోని మామూలు వాడకానికి తెచ్చింది, ఆ తొలి రోజుల్లో జనం పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 2021లో ఫెడోరా 34 దాని స్థానంలో పైప్‌వైర్‌ని పెట్టింది. విమ్ టేమన్స్ రాసిన ఈ పైప్‌వైర్ పల్స్ పనీ జాక్ పనీ రెండూ తనే చేస్తుంది. ఇరవయ్యేళ్ళ పాటు విడి ప్యాచ్‌లుగా బతికిన రియల్‌టైం పని 2024 నవంబరులో వచ్చిన 6.12తో ప్రధాన కెర్నెల్లో కలిసింది. ఇవన్నీ మంచి మార్పులే. బాధేంటంటే ప్రతి పొర నాటి సలహాలూ చెరిగిపోకుండా అలాగే ఉన్నాయి. 2009లో "పల్స్‌ఆడియోని పీకెయ్యి" అనడానికి కారణం ఉంది. అదే ఈనాడు పాటిస్తే బాగున్న కాపురం కూల్చుకోవడమే. కొత్తగా వచ్చినవాడు అయిదు కాలాల సలహాలు కలిపి వండుతాడు, చెడిపోతుంది, "పాత కంప్యూటరు కదా" అని యంత్రాన్ని తిడతాడు.

రెండో ఫిర్యాదు మన మీదే. ఏదైనా నెమ్మదిస్తే మనకొచ్చే మొదటి ఆలోచన "ర్యామ్ పెంచు, ఇన్‌స్టెన్సులు పెంచు". డబ్బు క్లయింటుది కాబట్టి చెల్లుతుంది. అసలు ఈ పనికి ఏం కావాలి అని అడగడం మర్చిపోయాం. కొన్నేళ్ళుగా లక్షలమంది వాడే సర్వర్ల లేటెన్సీ మిల్లీసెకన్లలో కొలుస్తున్న నేను, ఒక క్యాసెట్టుకి లేటెన్సీ అక్కర్లేదన్న సంగతి తెలుసుకోడానికి ఒక పూట తీసుకున్నాను. సిగ్గుగానే ఉంది.

అలాగని లేటెన్సీ ఎప్పుడూ అక్కర్లేదని కాదు. మా అక్క కూతురు సంగీతం నేర్చుకుంటోంది. తాతయ్య హార్మోనియం వింటూ దాని మీద పాడి రికార్డు చేస్తానంది. ఇప్పుడు కావాలి జాక్. 48,000 దగ్గర 1024 బఫర్, రెండు పీరియడ్లు అంటే 42.7 మిల్లీసెకన్లు, పాడేవాళ్ళకి తికమక. 256కి దించితే 10.7. ఆ సమయంలో ధ్వని గాల్లో వెళ్ళే దూరం సుమారు పన్నెండడుగులు. నాటకం స్టేజీ మీద పాడేవాడికీ పక్కన కూర్చున్న హార్మోనియానికీ ఇంచుమించు అంతే దూరం ఉంటుంది! ఇది బయటికొచ్చే దారి లెక్క మాత్రమే, లోపలికెళ్ళే దారి కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువే, అయినా పాడగలిగింది. దీనికి చేసింది మూడే పనులు. యూజర్ని ఆడియో గ్రూపులో చేర్చడం, ఆ గ్రూపుకి రియల్‌టైం ప్రాధాన్యం ఇవ్వడం (డెబియన్‌లో జాక్ ఎక్కించేటప్పుడు అదే అడుగుతుంది, అవును అనండి), ప్రాసెసరు నిద్రపోకుండా గవర్నర్‌ని పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం. బ్రౌజరు మూసేశాను. మామూలు కెర్నెలే.

నిజాయితీగా చెప్పాలి కదా, ఆ డబ్బా అన్నీ చెయ్యలేదు. ఆర్డర్‌లో పదిహేను ట్రాకులు, ఒక్కోదానికీ రివర్బు ప్లగిన్లు పెడితే నీళ్ళు నములుతుంది. 32 బిట్ల మెషీన్లయితే దారి ఇంకా ఇరుకు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ల పీసీల కోసం ఇన్‌స్టాలరూ లేదు, కెర్నెలూ లేదు. కాకపోతే 2006 తర్వాతి కోర్ 2 డ్యూయో, మాలాంటి పెంటియం డ్యూయల్ కోర్ డెస్క్‌టాప్‌లు 64 బిట్లవే. ఎక్స్‌పీ 32 బిట్లది ఉంది కాబట్టి మెషీనూ అంతే అనుకుని పారెయ్యకండి. "కొన్ని వందలు పెడితే యూఎస్‌బీ సౌండు కార్డు వస్తుంది కదా" అంటారా, వస్తుంది, బాగా చేసేవీ ఉన్నాయి. చవకవాటిలో చాలావాటికి ఉండేది మోనో మైకు రంధ్రమే, చూసి కొనండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం కావాలి అంటున్నారు. అంటే మన ఇళ్ళల్లో బాగా పనిచేసే బోలెడు డబ్బాలు అటక ఎక్కడమో, పాత సామాన్ల బండి ఎక్కడమో జరుగుతుంది. అన్నిటికీ లినక్సు వేసి రోజూ వాడమని నేననను, అమ్మానాన్నల్ని టెర్మినల్ ముందు కూర్చోబెట్టమనీ అనను. బండి ఎక్కించే ముందు వెనకాల ఒకసారి చూడండి, నీలం రంధ్రం ఉందేమో. బీరువాలో క్యాసెట్లు ఉన్నాయేమో. డబ్బా ఇంకో పదేళ్ళు ఆగుతుంది, టేపు ఆగదు. మా కోస్తా గాలికి బూజు పట్టడానికి ఒక వానాకాలం చాలు.

పది క్యాసెట్లు పూర్తిగా, పదకొండోది నాలుగు నిమిషాలు తక్కువగా ఎక్కాయి. అదే రాత్రి రెండు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి ఒకటి అక్కకిచ్చాను, పాత హార్డ్‌డిస్కుని నమ్మలేం కదా. నాన్న మొత్తం విన్నారు. ఎవరు పాడుతున్నారో, ఏ ఊరి తిరనాళ్ళో, ఎక్కడ వన్స్‌మోర్ కొట్టారో చెప్తూనే ఉన్నారు. అది కూడా రికార్డు చెయ్యాలని రెండో రోజుకి గానీ నాకు తట్టలేదు. ఈసారి గులాబీ రంధ్రం :)

పోయిన ఆ నాలుగు నిమిషాల సంగతి. పదకొండు క్యాసెట్లలో తాతయ్య మాట్లాడింది అక్కడొక్కచోటే. "ఒరేయ్, ఎర్ర బొత్తాం నొక్కావా?" అని నాన్నని అడుగుతారు. ఆఫీసు లాప్‌టాప్ ఫైల్లో ఆ గొంతు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత హార్మోనియం మొదలవుతుంది, రెండు సెకన్లు మోగుతుంది, పోతుంది.

మీ ఇంట్లో ఏమున్నాయో ఈ ఆదివారం ఒకసారి అటకెక్కి చూడండి. ముందు పనికిరాని క్యాసెట్టుతో పరీక్షించడం మాత్రం మర్చిపోకండి.